డోడో లేకపోతే తంబలకోక్ చెట్టు మొలవదా? మా పాప మార్కుల గొడవ

గోదారోడు: మారిషస్ కొండ అడవుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా పుట్టని చెట్టు ఈ తంబలకోక్. డోడో పక్షి మింగితేనే గింజ మొలుస్తుంది, డోడో అంతరించిపోయింది కాబట్టి చెట్టూ పోతోంది అని పాప ప్రాజెక్టులో రాసింది, నేను దిద్దించా, టీచర్ మార్కులు కోసేశారు.

కొబ్బరాకు: టీచరే కరెక్ట్. 1977లో పక్షుల శాస్త్రవేత్త స్టాన్లీ టెంపుల్ ‘సైన్స్’ పత్రికలో రాశాడు, 13 ముసలి చెట్లే మిగిలాయని. డోడో బదులు టర్కీ కోళ్ళకి 17 గింజలు మింగిస్తే 3 మొలిచాయి.

గోదారోడు: 7 పొట్టలోనే పొడైపోయాయి, అది చెప్పరే? కోళ్ళకి పెట్టకుండా ఊరికే పాతిన గింజలు పక్కన ఏవండీ పోల్చడానికి? 1979లోనే అక్కడి అటవీశాఖ ఓవడల్లీ అన్నాడు, పక్షి లేకుండానే మేం మొలిపిస్తున్నాం, డోడో పోయాక మొలిచిన, అంటే 300 ఏళ్ళ లోపు చెట్లూ ఉన్నాయి అని.

పొగడపూలు: ఇది మన సపోటా, ఇప్ప, పొగడ కుటుంబమేగా. మా పెరట్లో సపోటా దానంతటదే మొలిచింది 😄

కొబ్బరాకు: సపోటా గింజ పెంకు పలచన అక్కా. దీని పెంకు అర అంగుళం మందం.

గోదారోడు: మందమైతే? పెంకు చుట్టూ గీత ఉంటుంది, లోపల మొలక ఉబ్బితే డబ్బీ మూత లేచినట్టు ఆ గీత దగ్గర ఊడొస్తుంది.

కొబ్బరాకు: 3 మొలిచాయా లేదా??

సముద్రంపక్కన: మూడేళ్ళు అక్కడ ఉద్యోగం చేశా. బ్లాక్ రివర్ గార్జెస్ పార్కులో కాలిబాట దిగితే రెండు పక్కలా చైనా జామ, మనిషి దూరలేడు, నేనూ ఉప్పూకారం అద్దుకుని తిన్నవాణ్ణే. దాని కింద ఏ మొలక బతుకుతుంది. కాయలు పండకముందే కోతులు తెంపుతాయి. ఈ జామా, కోతులూ రెండూ బయటినుంచి తెచ్చినవే.

కొబ్బరాకు: సరే బాబూ కథ తప్పే అనుకో. డోడో లేకపోతే ఆ చెట్టు పేరు నీకు తెలిసేదా, ఈ థ్రెడ్ వేసేవాడివా?

గోదారోడు: నా మంట అదే! చచ్చిన పక్షి మీదకి తోసేస్తే జామ ఎవడు పీకుతాడు? చెరకు కోసం అడవి కొట్టించిన దొరల్ని ఎవడు అడుగుతాడు?

కొబ్బరాకు: దొరలు గొడ్డలి పట్టారా? కోరంగి రేవు నించి ఓడెక్కిన మనవాళ్ళు ఆ చెరకు తోటల్లోనేగా పనిచేసింది.

గోదారోడు: పొట్టకూటికి వెళ్ళిన కూలీలని అంటావా? నోరు జాగ్రత్త.

సముద్రంపక్కన: ఇద్దరూ ఆపండి. జామ నరికి కంచె వేసిన చోట్ల మొక్కలు లేస్తున్నాయి, డబ్బు దానికి కావాలి.

కొబ్బరాకు: డబ్బు డోడో బొమ్మ చూసే ఇస్తారు జనం.

పొగడపూలు: ఇంతకీ పాపకి ఎన్ని మార్కులు కోశారు?

గోదారోడు: రెండు. పదికి.