అప్‌డేట్: బ్లోయర్‌కి ఐఈ3 మోటార్ పెట్టాక ఏం జరిగిందంటే

రైస్ మిల్లులో బ్లోయర్ నడిపే పాత 15 కిలోవాట్ల ఇండక్షన్ మోటార్ మార్చాలి, ఐఈ3 తీసుకోవాలా, ఐఈ4 పర్మనెంట్ మాగ్నెట్‌ది తీసుకోవాలా అని అడిగాను కదా (ఐఈ అంటే మోటార్ సామర్థ్య తరగతి, అంకె పెరిగేకొద్దీ కరెంటు వృథా తక్కువ). ఐఈ3 తీసుకున్నా.

లెక్క ఇది: 4 పోల్, 15 కిలోవాట్లకి పాత రకం ఐఈ1 సామర్థ్యం 88.7 శాతం, ఐఈ3 92.1, ఐఈ4 93.9. ఏడాదికి 3,000 గంటలు ఫుల్ లోడ్‌లో తిరిగితే ఐఈ1 కంటే ఐఈ3కి దాదాపు 1,870 యూనిట్లు తగ్గుతాయి. ఐఈ4కి వెళ్తే ఇంకో 940. పైగా నేను చూసిన మాగ్నెట్ మోటార్‌కి డ్రైవ్ (మోటార్ వేగాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ పరికరం) లేనిదే పని జరగదు.

తీరా బిగించాక క్లాంప్ మీటర్ పెడితే కరెంటు తగ్గకపోగా కాస్త పెరిగింది! మా ఎలక్ట్రీషియన్, నేను మొహాలు చూసుకున్నాం. మోటార్ మోసం అనుకున్నా. అసలు సంగతి నేమ్‌ప్లేట్ మీదే ఉంది: పాతది 1440 ఆర్‌పీఎం, కొత్తది 1465. స్లిప్ (లోడు మీద మోటార్ వేగంలో వచ్చే తగ్గుదల) తక్కువ కాబట్టి వేగం ఎక్కువ. ఫ్యాన్ లోడు వేగానికి ఘనంలో పెరుగుతుంది, అంటే ఇక్కడ 5 శాతం పైనే. ఆదా అంతా అనవసరపు గాలికే పోయింది. మోటార్ పుల్లీ కాస్త చిన్నది వేయించాం, అప్పుడు కరెంటు దిగింది.

డ్యాంపర్ (గాలిని అడ్డుకునే పలక) సగం మూసి నడపడం ఎందుకు, వీఎఫ్‌డీ (మోటార్ వేగాన్ని మార్చే డ్రైవ్) పెట్టమని ఒకాయన చెప్పారు. ఆయనే కరెక్ట్. వేగం 80 శాతానికి దించితే లోడు దాదాపు సగమే. సీజన్ అయ్యాక పెట్టిస్తా.