అప్‌డేట్: కైట్‌లో గాలి దిగిపోయే సమస్య తీరింది

ద్వీపంలో కైట్‌బోర్డింగ్ (పెద్ద గాలిపటం లాగుతుండగా బోర్డు మీద నీటిపై సాగే ఆట) చేస్తుండగా, గొట్టాల్లో గాలి గట్టిగా నింపిన కైట్ కాసేపటికే మెత్తబడుతోందని, కారణం తెలియడం లేదని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

అన్నింటిలోకీ పనికివచ్చింది, గాలి నింపాక, కైట్ భాగాలను కలిపే సన్నటి గొట్టాల క్లిప్పులన్నీ మూసి ఏ భాగం మెత్తబడుతుందో చూడమన్న సూచన. కైట్‌కు అడ్డంగా ఉండే గొట్టాలన్నీ బిగువుగానే నిలిచాయి; ముందంచు పొడవునా ఉండే పెద్ద గొట్టం ఒక్కటే సడలిపోయింది. మరమ్మతు నిపుణుడు దాని లోపలి బ్లాడర్‌ను (గాలిని పట్టి ఉంచే సంచిని) బయటికి తీసి సబ్బునీళ్లు పూయగా, గాలి నింపే వాల్వ్ అంచున సన్నటి బుడగలు వరుసగా లేచాయి. బ్లాడర్‌కు రంధ్రమేమీ లేదు. వాల్వ్‌ను పట్టి ఉంచే జిగురే ఒక పక్క ఊడివచ్చింది. గాలి నింపిన కైట్‌ను మండుటెండలో ఇసుక మీద ఎక్కువసేపు ఉంచితే జిగురు బలహీనపడుతుందని ఆయన వివరించారు. పాత జిగురును ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, కొత్త వాల్వ్ అంటించి, రాత్రంతా బరువు కింద ఉంచాక గాలి మళ్లీ దిగలేదు.

పంపు మార్చడం వల్ల ప్రయోజనం లేకపోయింది. వాల్వ్‌లో ఇసుక ఇరుక్కుందన్న అనుమానమూ నిజం కాలేదు.

మెత్తబడిన కైట్ నీటిలో పడితే తిరిగి లేపడం చాలా కష్టం కనుక, ఇదే లక్షణం గమనించినవారు మరమ్మతు పూర్తయ్యేవరకు దయచేసి తీరం విడిచి వెళ్లవద్దు.