'తసొగరె'కి తెలుగేమిటి?

యోజీ యమాదా 2002లో తీసిన జపాన్ సినిమా 'తసొగరె సెయిబెయి'ని మొన్న ఇక్కడ ఒకరు 'సంధ్యా సమురాయి' అన్నారు. సమురాయి అనగానే దర్శకుడు కురొసావాతో మొదలుపెట్టి ఆయనతోనే ముగించే మన మాటల్లోకి ఈ సినిమా వచ్చినందుకు సంతోషం. పేరే నాకు మింగుడుపడలేదు.

సంధ్య అంటే ఎర్రటి ఆకాశం, అర్ఘ్యం గుర్తొస్తాయి. సెయిబెయికి అంత సొగసు లేదు. కోటలో సరుకుల కొట్టు గుమాస్తా. భార్య క్షయతో పోయింది. మతి తప్పిన తల్లి, ఇద్దరు ఆడపిల్లలు. చిరిగిన బట్టలు, కంపు కొట్టే ఒళ్లు. పని అయ్యాక తోటివాళ్లు తాగుదాం రమ్మంటే రాడు, పొద్దుగూకేసరికి ఇంటికి పోతాడు. అందుకే వాళ్లు 'తసొగరె' అని ఎగతాళి పేరు పెట్టారు. ఇంట్లో పొయ్యి పక్కన కూర్చుని పురుగుల పంజరాలు అల్లుతుంటాడు, అమ్ముకోవడానికి. పెద్దపిల్ల పక్కనే కన్ఫ్యూషియస్ పాఠం వల్లెవేస్తుంటుంది. కుట్టుపని నేర్చుకుంటే బట్టలొస్తాయి, మరి చదువుతో ఏమొస్తుందని అడుగుతుంది. ఆలోచించే శక్తి వస్తుందంటాడు, చేతిలో పని ఆపకుండా. నాకు సినిమా అంతా అక్కడే ఉంది.

ఇక 'తసొగరె' అన్న మాట. జపాన్ భాషలో 'త' అంటే ఎవరు, 'కరె' అంటే అతను. 'ఎవరతను?' అన్న ప్రశ్నే సాయంత్రపు మసక వేళకు పేరైంది, ఎదురొచ్చేవాడి మొహం ఆనవాలు దొరకని వేళ. తెల్లవారుజాముకు అదే ప్రశ్నను తిరగేసి 'కవతరె' అన్నారు. మనం ఆ సాయంత్రపు వేళను ఆవుల దుమ్ముతో గోధూళి అన్నాం, దీపాలు పెట్టే వేళ అన్నాం. మొహంతో చెప్పిన మాట మనకుందా?

వ్యాఖ్య: మునిమాపు అనండి. ఇందులో ముని ఋషి కాదండీ, మునివేళ్లలో ఉన్న ముని. మాపటికి మొన.

జవాబు: చాలా బాగుందండీ! కథ 1868లో సమురాయిల పాలన ముగియడానికి కాస్త ముందు, వాళ్ల కాలం మాపటి మొన మీదున్నప్పుడు జరుగుతుంది. సెయిబెయి పొడవు కత్తి అమ్మేసుకున్నాడు, ఒరలో ఉన్నది వెదురుది. మొహం పోయినా మొన మిగిలింది.

వ్యాఖ్య: ఎగతాళి వినపడట్లేదు. మా నాన్నగారి ఆఫీసులో అయితే 'దీపాలవేళ సెయిబెయి' అని ఉండేవాళ్లు.

జవాబు: ఔనండీ, కొట్లో వాళ్ల నోట అదే పెడదాం. సినిమా పేరుకు మాత్రం మునిమాపే ఉంచుతాను. ముసలిదైపోయిన చిన్నకూతురు నాన్న కథ చెబుతుంటే ఆ గొంతులో ఎగతాళి లేదు.