స్వరజ్ఞానం లేనివాడు మెట్లు లేని గిటార్ పట్టుకోవచ్చా?

మూడు తీగలు (విజయవాడ)

అందరికీ నమస్కారం. నా వయసు 46. ఏడో తరగతిలో ఆగస్టు పదిహేనుకి బృందగానం నేర్పిస్తూ మా టీచర్ నన్ను పక్కకు పిలిచి, "నువ్వు నోరు మాత్రం ఆడించు, గొంతు తియ్యకు" అన్నారు. ఆ రోజు నుంచి నేను పాడలేదు. పెళ్లిళ్లలో మంగళహారతి దగ్గర కూడా వెనక్కి వెళ్లి నిలబడతాను.

పోయిన దసరాకి ఇంట్లో వడ్రంగం పని చేయిస్తే టేకు రీపరు ముక్క ఒకటి మిగిలింది. దాన్ని ప్లైవుడ్ పెట్టెలోంచి దూర్చి, మూడు గిటార్ తీగలు బిగించి, గుర్రం (తీగల్ని ఎత్తి పట్టే ఆసరా) బదులు లావు బోల్టు పెట్టి స్లైడ్ గిటార్ చేశాను. ఉంగరం వేలికి స్పానర్ సాకెట్ తొడుక్కుని తీగల మీద జారుస్తాను. తీగలు, కీలు కలిపి ఏడు వందల లోపే అయింది. తీగ ఆడే పొడవు 60 సెంటీమీటర్లు. శ్రుతి స-ప-స. ఏ స్వరానికి ఎక్కడ వేలు పెట్టాలో చూపే మెట్లు (ఫ్రెట్లు) లేవు కాబట్టి, గిటార్ మెట్ల దూరాలు లెక్కగట్టే పేజీ ఒకటి చూసి పెన్సిల్‌తో గీతలు గీసుకున్నాను.

ఎనిమిది నెలలుగా రోజూ రాత్రి అరగంట వాయిస్తున్నాను. మోహన రాగం పైకీ కిందకీ వస్తుంది. రెండు చిన్న పాటలు వచ్చాయి. మొన్న వీణ నేర్చుకున్న మా బంధువు ఒకరు విని, "చెవి లేనివాడివి, పైగా మెట్లు లేని వాద్యం. తప్పు స్వరాలనే బలంగా అలవాటు చేసుకుంటున్నావు. కీబోర్డు కొనుక్కో" అన్నారు. రెండు రోజులు పెట్టెని ముట్టుకోబుద్ధి కాలేదు.

నాకూ ఒక అనుమానం ఉంది. స్వరం సరిపోయిందో లేదో చూపే ట్యూనర్ యాప్ పెట్టి చూస్తే స, ప బాగానే ఉంటున్నాయి. గ, ద మాత్రం ప్రతిసారీ తగ్గే ఉంటున్నాయి. ఆయన మాట నిజమేనా?

వీణ టీచర్ (తెనాలి)

మీ బంధువు మాట కటువుగా ఉన్నా విషయం నిజమే అండి. నేను 22 ఏళ్లుగా పిల్లలకు వీణ చెబుతున్నాను. వీణకు 24 మెట్లు ఉంటాయి. శ్రుతి తెలియని పిల్ల కూడా మొదటి రోజే మెట్టు మీద వేలు పెట్టి మీటితే సరైన స్వరం వింటుంది. వంద రోజులు సరైన స్వరమే వింటే చెవి దానికి అలవాటు పడుతుంది. గమకాలు ఆ తర్వాత సంగతి. మెట్లు లేని వాద్యంలో ఆ ఆసరా లేదు. 60 సెంటీమీటర్ల తీగ మీద సగానికి వచ్చాక అర సెంటీమీటరు తప్పితే చాలు, స్వరం పక్కకు పోయినట్టు తెలిసిపోతుంది. తెలిసేది వినగలిగినవాళ్లకి. వినలేనివాళ్లు ఆ తప్పునే రోజుకు వందసార్లు సాధన చేస్తారు.

మన గోటువాద్యం (చిత్రవీణ అని కూడా అంటాం) కూడా మెట్లు లేనిదే. 21 తీగలు, చేతిలో నున్నటి చెక్క ముక్క. దాన్ని వాయించినవాళ్లు ఎలాంటివాళ్లో గుర్తుచేసుకోండి. చిత్రవీణ రవికిరణ్ గారు రెండేళ్ల వయసులోనే రాగాలు గుర్తుపట్టారు. ఆ వాద్యం అంత చెవి అడుగుతుంది. మిమ్మల్ని నిరుత్సాహపరచాలని కాదు, సరైన మెట్టు మీద మొదలుపెట్టమంటున్నాను.

మెంఫిస్ నుంచి

టీచర్ గారూ, నేను ఒప్పుకోలేకపోతున్నాను. అమెరికాలో నేనుండే ఊరికి గంటన్నర దూరంలో మిసిసిపీ డెల్టా, బ్లూస్ సంగీతం పెరిగిన పత్తి చేల ప్రాంతం. స్లైడ్ గిటార్ సంగతి మాట్లాడేటప్పుడు ఆ నేలని వదిలేయలేం. అక్కడ నల్లవారి పిల్లలు చీపురుకట్టకు చుట్టిన ఇనుప తీగ విప్పి, ఇంటి గోడకు రెండు మేకులు కొట్టి లాగి కట్టేవారు. తీగ కింద ఒక సీసా బిగించి, ఇంకో సీసానో కత్తినో తీగ మీద జారుస్తూ వాయించేవారు. దాన్ని డిడ్లీ బో అంటారు. మెట్లు లేవు, గీతలు కూడా లేవు. దాన్ని పిల్లల వాద్యంగా, మొదటి వాద్యంగా చూసేవారన్నది ఇక్కడ ముఖ్యం. అది వచ్చాకే గిటార్. 1936లో లూయిజియానాలో పుట్టిన బ్లూస్ గిటారిస్టు బడ్డీ గై కూడా సొంతంగా చేసుకున్న రెండు తీగల డిడ్లీ బో మీదే మొదలుపెట్టాడు.

1903లో డబ్ల్యూ.సి. హ్యాండీ డెల్టాలోని టట్‌వైలర్ రైల్వే స్టేషన్లో ఒకతన్ని చూశాడు. అతను గిటార్ తీగల మీద కత్తి నొక్కి వాయిస్తున్నాడు. హ్యాండీ అప్పటికే బ్యాండు నడిపే చదువుకున్న సంగీతకారుడు. అలాంటి వింత సంగీతం తానెప్పుడూ వినలేదని తర్వాత రాసుకున్నాడు. ఆ మనిషికి సంగీతం ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు, అతని పేరు కూడా మిగల్లేదు. మెట్లు లేనిదాన్ని పిల్లలు, కూలీలు మొదటి వాద్యంగా పెట్టుకున్న చోటు ఒకటి ఉన్నప్పుడు, అది పండితుల చివరి మెట్టు అని ఎలా అంటాం?

లెక్కల మనిషి (హైదరాబాద్)

మెంఫిస్ గారూ, మీరు చెప్పిన పిల్లలు ఆదివారం చర్చిలో, సాయంత్రం అరుగు మీద, పత్తి చేలల్లో ఆ సంగీతమే వింటూ పెరిగారు. గోడకు తీగ కట్టేనాటికే వాళ్ల చెవిలో పాట ఉంది. మన మిత్రుడు దాదాపు 35 ఏళ్లు పాటకు దూరంగా నిలబడ్డ మనిషి. రెండూ ఒకటి కావు.

ఇంకో మాట. సాధన చేస్తే అందరికీ అన్నీ వస్తాయని చెప్పడం నాకు ఇష్టం ఉండదు, ఎందుకంటే రానివాళ్లు తమనే నిందించుకుంటారు. 2014లో స్వీడన్‌లో పదివేల మందికి పైగా కవలల మీద చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. ఒకే జన్యువులున్న కవలల్లో ఒకరు ఎక్కువ గంటలు సాధన చేసినా, స్వరాల మధ్య తేడా, రాగపు తేడా, లయ తేడా పట్టుకునే పరీక్షలో రెండోవారి కంటే మెరుగ్గా ఏమీ చేయలేదు. పుట్టుకతో వచ్చేది ఎంతో కొంత ఉంది. అది తెలుసుకుని, కీబోర్డు లాంటి తేలికైన దారి పట్టడంలో తప్పేముంది?

తాతయ్య 61 (ఒంగోలు)

బాబూ లెక్కల మనిషీ, ఆ తేలికైన దారిలో నేను వెళ్లొచ్చాను. రిటైరయ్యాక పిల్లలు కీబోర్డు కొనిచ్చారు. నొక్కితే సరైన స్వరం దానంతట అదే వచ్చేస్తుంది. అందుకే నేను వినడం మానేశాను. ఏ మీట తర్వాత ఏ మీటో గుర్తుపెట్టుకుని టైపు కొట్టినట్టు కొట్టాను. మూడు నెలల తర్వాత కరెంటు పోయిన రాత్రి చీకట్లో కూర్చుని అదే పాట కూనిరాగం తీద్దామంటే ఒక్క చరణం కూడా రాలేదు. వేళ్లకు వచ్చింది, నాకు రాలేదు. మీరన్న పరీక్ష కూడా తేడా వినడానికే కదా, వాయించడానికి కాదు.

గోదావరి టేకు (రాజమండ్రి)

నేను పెట్టె గిటార్లు చేస్తుంటాను, ఇప్పటికి పదకొండు చేశాను. మూడు తీగల మిత్రమా, మీ చెవి సంగతి తేల్చేముందు మీ గీతల సంగతి చూద్దాం. గిటార్ మెట్ల లెక్క అన్నారు కదా. ఆ లెక్కలో 60 సెంటీమీటర్ల తీగకు, కీల వైపు నుంచి కొలిస్తే, గ గీత 12.4 దగ్గర, ద గీత 24.3 దగ్గర పడుతుంది. అవునా?

స్లైడు గురించి కూడా చెప్పండి. గీతకు సరిగ్గా పైన ఉంచుతున్నారా, గిటార్ మెట్టుకి వేలు పెట్టినట్టు గీతకు వెనకా? తీగను నొక్కి పలకకు ఆనిస్తున్నారా, పైపైన తేలిస్తున్నారా? సాకెట్ బరువు చాలు, చేత్తో నొక్కక్కర్లేదు. స్లైడు వెనక మిగతా వేళ్లు తీగల మీద మెత్తగా ఆనించకపోతే గరగరమని ఇంకో శబ్దం కూడా వస్తుంది. కొత్తవాళ్లు చాలామంది దాన్ని తమ అపశ్రుతి అనుకుని బాధపడతారు.

మూడు తీగలు

టేకు గారూ, ఇప్పుడే టేపు పెట్టి కొలిచాను. గ గీత 12.4, ద గీత 24.3. మీరు చెప్పినట్టే ఉన్నాయి. స్లైడు తేలికగానే ఉంచుతాను, వెనక రెండు వేళ్లు ఆనిస్తాను, అది వీడియోలు చూసి నేర్చుకున్నాను.

మొదటి పోస్టులో ఒక విషయం రాయలేదు. గీత మీదే ఆపాలని నాకు తెలుసు. అలా స్లైడుని ఒక్క తీగ మీదే ఆపి, మిగతా రెండూ ఖాళీగా మోగేలా మూడు తీగలూ కలిపి మీటితే గ దగ్గర ఏదో కొట్టుకుంటున్నట్టు, వణుకుతున్నట్టు అనిపిస్తుంది. చెయ్యి దానంతట అదే కాస్త వెనక్కి వస్తుంది. అక్కడ వణుకు ఆగుతుంది. ద దగ్గరా అంతే. యాప్ చూస్తే తగ్గిందని ఎర్రగా చూపిస్తుంది. నా చెవి చెడ్డదని నేను అనుకోవడానికి అసలు కారణం ఇదే.

గోదావరి టేకు

ఎంత వెనక్కి వస్తున్నారో కొలిచి చెప్పండి.

మూడు తీగలు

పది సార్లు చూశాను, గుర్తులు పెట్టాను. గ దగ్గర మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు. ద దగ్గర రెండు నుంచి నాలుగు.

గోదావరి టేకు

అయితే మీ చెవిది తప్పు కాదు.

గిటార్ మెట్ల లెక్క స్థాయిని (స నుంచి పై స వరకు) పన్నెండు సమాన భాగాలు చేస్తుంది, ఏ శ్రుతిలోనైనా వాయించుకోవడానికి వీలుగా. ఆ లెక్కలో ప దాదాపు సరిగ్గా వస్తుంది, 20 సెంటీమీటర్లకు అర మిల్లీమీటరు తేడా. గ, ద మాత్రం అసలు చోటుకంటే కాస్త ఎక్కువ పలుకుతాయి. షడ్జంతో, అంటే స తో, వణుకు లేకుండా కలిసే గ తీగలో అయిదో వంతు దగ్గర ఉంటుంది, అంటే సరిగ్గా 12 సెంటీమీటర్లు. ద అయిదింట రెండో వంతు, 24 సెంటీమీటర్లు. మీ చెయ్యి నాలుగు మిల్లీమీటర్లు, మూడు మిల్లీమీటర్లు వెనక్కి వస్తున్నది అక్కడికే. యాప్ కూడా గిటార్ లెక్కే వాడుతుంది కాబట్టి తగ్గిందంటుంది.

నమ్మకం కుదరకపోతే స్లైడు తీసేయండి. 12 దగ్గర తీగకు వేలు ఆనీ ఆనకుండా పెట్టి మీటి, వెంటనే వేలు తీసేయండి. గంటలాగా సన్నటి స్వరం వస్తుంది. అది తీగ తనంతట తాను పలికే గాంధారం, అంటే గ, రెండు స్థాయిల పైన. 12.4 దగ్గర పెడితే అంత స్వచ్ఛంగా మోగదు.

వీణ టీచర్ (తెనాలి)

ఇది చదివి నేను ఇందాక తంబురా పెట్టుకుని కూర్చున్నాను. మంద్ర షడ్జం (కింది స) తీగ మీటి నిశ్శబ్దంగా వింటే లోపలినుంచి అంతరగాంధారం, మీరు చెప్పే ఈ గ, వినిపిస్తుంది. స్వయంభూ గాంధారం అంటాం. నా విద్యార్థుల్లో దాన్ని విననివాళ్లే ఎక్కువ. మూడు తీగల గారూ, వణుకు ఆగేచోట మీ చెయ్యి ఆగుతోందంటే మీరు వింటున్నారు. ఏడో తరగతిలో మీకు ఆ మాట చెప్పినవారు చిన్నపిల్లాడికి శ్రుతి ఇచ్చి, ఆగి, వినమని చెప్పి ఉండాల్సింది. సాటి టీచరుగా నాకు చాలా బాధేసింది.

అయినా నా అభ్యంతరం పూర్తిగా పోలేదు. గ, ద మీరు పట్టుకున్నది పక్క తీగలో స మోగుతోంది కాబట్టి. రేపు వేరే రాగాల్లో ప్రతిమధ్యమం వస్తుంది, శుద్ధ రిషభం వస్తుంది. ఆ స్వరాలు స తో గానీ ప తో గానీ అలా స్థిమితంగా కలవవు. అక్కడ మీ చెయ్యిని ఏ వణుకూ సరిదిద్దదు. అప్పుడు మెట్టో గురువో కావాలి. ఒక్క పని చేయండి. ప్రతి స్వరం వాయించేముందు దాన్ని గొంతుతో పలకండి. తప్పినా పరవాలేదు. కళ్లు మూసుకుని పలకండి.

లెక్కల మనిషి

ఒక మనిషి, రెండు స్వరాలు. దీంతో అందరి సంగతీ తేలిపోదు, నా అభిప్రాయం అక్కడే ఉంది. కానీ ఈ మనిషికి చెవి లేదని నేను అనుకున్నది తప్పు. అది వెనక్కి తీసుకుంటున్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. ఆయన కీబోర్డు కొని ఉంటే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు. కీబోర్డులో గ ఎక్కడుందో అక్కడే ఉంటుంది, వెనక్కి లాగడానికి చోటు లేదు.

మెంఫిస్ నుంచి

నేను కూడా టీచర్ గారి పాడమన్న సలహాకే ఓటు. డెల్టా వాళ్లు స్లైడుని గొంతుకు జవాబుగానే వాడారు. ఒక పాదం పాడి, రెండో సగం తీగతో చెప్పించేవారు. గొంతు, తీగ విడివిడిగా ఉండేవి కావు. గ దగ్గరికి కొంచెం కిందనుంచి జారుతూ వెళ్లడం అక్కడి పద్ధతే, అది వాళ్లు తప్పుగా చూడలేదు.

గోదావరి టేకు

గీతలు 12 కీ 24 కీ మార్చుకోండి మిత్రమా. రి కూడా 6.5 దగ్గర ఉండి ఉంటుంది, 6.7 కి జరపండి.

వీణ టీచర్ (తెనాలి)

మార్చడం కాదు, చెరపమంటాను. గీత కనిపిస్తే కన్ను ముందు పరిగెడుతుంది, చెవి వెనక పడుతుంది. తాతయ్య గారి కీబోర్డుకు జరిగింది ఇదే కదా.

గోదావరి టేకు

టీచర్ గారూ, మెట్లు కావాలన్నది మీరే, ఇప్పుడు గీతలు కూడా వద్దంటున్నారు!

వీణ టీచర్ (తెనాలి)

అవునండీ. ఆయన వినలేరనుకుని మెట్లు అడిగాను. వినగలరని తెలిశాక అడగను.

మూడు తీగలు

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రాత్రి టేకు గారు చెప్పినట్టు 12 దగ్గర వేలు ఆనించి మీటాను. ఆ గంట మోగింది. మా అమ్మాయి పక్క గదిలోంచి వచ్చి అదేం శబ్దమని అడిగింది. దానిచేత కూడా మీటించాను.

గ, ద గీతలు చెరిపేశాను. స, ప ఉంచాను, వాటిని కూడా తీసే ధైర్యం ఇంకా రాలేదు. తలుపు వేసుకుని, తీగ మీద స మోగిస్తూ, గొంతుతో గ పలికాను. మొదటిసారి తక్కువైంది, రెండోసారి ఎక్కువైంది, నాలుగోసారి వణుకు ఆగింది. ఆదివారం రికార్డింగ్ పెడతాను. వాయించింది, పాడింది, రెండూ.