మూడో తరగతిలోనే ‘ప్రయోగ విధానం’ రాయించాలా?

ఒక తండ్రి:
మా పాప మూడో తరగతి చదువుతోంది. పరిసరాల విజ్ఞానంలో భాగంగా పెసలు మొలకెత్తించి, ఉద్దేశ్యం, కావలసిన వస్తువులు, విధానం, పరిశీలన, ఫలితం అన్న శీర్షికలతో రాసుకురమ్మన్నారు. మొలకలను చూసి గంతులు వేసిన పిల్ల, రాయడానికి కూర్చోగానే ఏడుపు ముఖం పెట్టింది. ఈ వయసులో ఇది అవసరమా?

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు:
అవసరం లేదండీ. ఆరో తరగతిలో సామాన్యశాస్త్రం మొదలయ్యాక నేర్పవచ్చు. మా దగ్గరకు వచ్చే పిల్లలు ఎదురుగా ఏం జరుగుతోందో చూడకుండానే ‘నీరు తీసుకొనబడినది, వేడి చేయబడినది’ అని రాసేస్తున్నారు. నల్లబల్ల చూసి ఎక్కించుకునే ఆ అలవాటును ఇంకా చిన్నవాళ్ళకు అంటించడం నాకు బాధగా ఉంది.

ప్రాథమిక ఉపాధ్యాయురాలు:
మాస్టారూ, చూచిరాత గురించి మీరన్నది నిజం. అయితే ఆ రాత ఎవరి కోసమో పిల్లలకు తెలియనందువల్లే అది చూచిరాతగా మారుతోందని నా నమ్మకం. నా నాలుగో తరగతిలో ఒకరు రాసిన కాగితాన్ని మరొకరికి ఇచ్చి, అందులో ఉన్నది ఉన్నట్టే చేయమంటాను. ఒక బాబు ‘దూది మీద పెసలు పెట్టి నీళ్ళు పోయాలి’ అని రాశాడు. అది చదివిన పాప డబ్బా మూతలో దూది పరిచి, పెసలు మునిగేదాకా నీళ్ళు పోసింది. మూడో రోజుకు అవి ఉబ్బి, వాసన వచ్చాయే తప్ప సరిగా మొలవలేదు. బాబు తన కాగితం తానే అడిగి తీసుకుని, ‘రెండు చెంచాల నీళ్ళు చల్లాలి, దూది తడిస్తే చాలు, పెసలు మునగకూడదు’ అని దిద్దాడు. మునిగితే ఎందుకు మొలవవని పిల్లలే అడిగారు కనుక, విత్తనానికి నీటితో పాటు గాలి కూడా కావాలన్న పాఠం వాళ్ళ ప్రశ్నకు జవాబుగానే చెప్పగలిగాను. ‘తీసుకొనబడినది’ అని ఇంట్లో ఎవరమూ మాట్లాడం. ‘తీసుకున్నాం, పోశాం’ అంటే సరిపోతుంది.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు:
ఇలా చేయిస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ నలభై మంది ఉన్న గదిలో, ఇంకా రాయడమే సరిగా రానివాళ్ళ సంగతేమిటి? అక్షరదోషాలకు మార్కులు తీసేస్తారా?

ప్రాథమిక ఉపాధ్యాయురాలు:
జంటలుగా కూర్చోబెడతాను, నాలుగు వాక్యాలు మించనివ్వను. రాయలేనివారు వరుసగా బొమ్మలు వేసి, పక్కన అంకెలు వేస్తారు. దోషాలకు మార్కులు తీయను కానీ, ఎన్ని నీళ్ళో రాయకపోతే మాత్రం కాగితం వెనక్కి ఇస్తాను.