ఎన్‌సీఏఏ రెజ్లింగ్: ఓడినవాళ్లు జట్టుకు పాయింట్లు తెస్తారా?

ప్రశ్న: అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ నడిపే కుస్తీ, డివిజన్ 1 (పై స్థాయి) జాతీయ పోటీలు చూస్తున్నాను. మొదటి రౌండ్లో ఓడినతను మళ్లీ మ్యాట్ మీదకొచ్చాడు. ఆ గెలుపులు జట్టు లెక్కలోకి వస్తాయా?

జవాబు 1: వస్తాయండి. ఒక్కో బరువులో 33 మంది, రెండుసార్లు ఓడితేనే ఇంటికి. మొదటి రౌండ్లో ఓడినా 3వ స్థానం దాకా రావచ్చు. టైటిల్ కోసం సాగే మెయిన్ బ్రాకెట్‌లో గెలిచి ముందుకెళ్తే జట్టుకు 1, ఒకసారి ఓడినవాళ్లు ఆడే కన్సొలేషన్‌లో అర పాయింట్.

జవాబు 2: అసలు తేడా బోనస్‌దే! పిన్ చేస్తే (ప్రత్యర్థి రెండు భుజాలూ మ్యాట్‌కు ఆనిస్తే) జట్టుకు అదనంగా 2, బౌట్ స్కోరులో 8 నుంచి 14 పాయింట్ల తేడాతో గెలిస్తే 1. కన్సొలేషన్‌లోనూ అంతే, సగం కాదు. అందుకే 7 తేడాతో ముందున్నా ఆఖరి సెకన్లలో ఆగకూడదు.

జవాబు 3: రైడింగ్ టైమ్ కూడా చూడండి. ప్రత్యర్థి కంటే నిమిషం ఎక్కువ పైనుంచి అదుపు చేస్తే చివర్లో బౌట్ స్కోరుకు 1 కలుస్తుంది, ఆ 7 కాస్తా 8 అవుతుంది.