బుసాన్ ఫిలిం ఫెస్టివల్‌కి మొదటిసారి వెళ్తున్నా, ఏ సినిమాలు ఎంచుకోవాలి?

సువాన్ సుబ్బు:
అందరికీ నమస్తే. సువాన్‌లో ఉద్యోగం నాది. కొరియా వచ్చిన దగ్గర్నుంచీ అనుకుంటూనే ఉన్నా, ఈసారి ఎలాగైనా బుసాన్ ఇంటర్నేషనల్ ఫిలిం ఫెస్టివల్‌కి వెళ్దామని శుక్రవారం నుంచి ఆదివారం దాకా లీవ్ పెట్టేశాను. ఆఫీసులో అడిగితే తలా ఒక మాట. ఓపెనింగ్ సినిమా టికెట్ దొరక్కపోతే అంత దూరం వెళ్లడం దండగ అని ఒకాయన, అసలు వెళ్లేదే స్టార్లని చూడ్డానికి, సినిమాలేముంది తర్వాత ఇంట్లో చూసుకోవచ్చు అని ఇంకొకావిడ. పోయినేడు లిస్టు తిరగేస్తే సగం దర్శకుల పేర్లు నేనెప్పుడూ వినలేదు. నా కొరియన్ హోటల్లో ఆర్డర్ ఇచ్చేంతవరకే. ఏ లెక్కన ఎంచుకోవాలి, రోజుకి ఎన్ని పెట్టుకోవచ్చు, టికెట్లు నిజంగానే నిమిషాల్లో అయిపోతాయా? వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి, ఈ లీవ్ పోతే మళ్లీ వచ్చే ఏడాదే.

నేల టికెట్:
సుబ్బూ, ముందు ఆ ఓపెనింగ్ సినిమా మీద ఆశ వదిలెయ్. 2025లో సెప్టెంబర్ 17న పేరున్న కొరియా దర్శకుడు పార్క్ చాన్-వుక్ కొత్త సినిమాతో మొదలుపెట్టారు, టికెట్ల కోసం జనం కొట్టుకు చచ్చారు, సరిగ్గా వారం తిరిగేసరికి 24న అదే సినిమా కొరియా అంతటా మామూలు థియేటర్లలోకి వచ్చేసింది. అంతకు ముందేడు ఇంకా దారుణం, ఓపెనింగ్‌కి పెట్టింది నెట్‌ఫ్లిక్స్ సినిమానే, అది పది రోజుల్లోపే అందరి ఫోన్లలోకీ వచ్చింది. మరి దానికోసం బుసాన్ దాకా రైలెక్కడం ఎందుకు?

నా లెక్క ఒక్కటే. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడా దొరకని సినిమా చూడు. నువ్వు వినని పేర్లు అన్నావే, ఆ పేర్ల కోసమే అసలు ఈ పండగ పుట్టింది. 1996లో మొదలైన దగ్గర్నుంచీ వీళ్ల ముఖ్యమైన బహుమతి న్యూ కరెంట్స్, మొదటి సినిమానో రెండో సినిమానో తీసిన ఆసియా దర్శకులకి మాత్రమే ఇచ్చేవాళ్లు. చైనా దర్శకుడు జియా జాంగ్‌కేకి 1998లో తన మొదటి సినిమాకే ఆ బహుమతి వచ్చింది. అప్పటికి ఆయన ఎవరో కొరియాలో ఎంతమందికి తెలుసంటావ్? 2022లో కన్నడ సినిమా 'శివమ్మ' గెలిచింది, అదీ కొత్త దర్శకుడిదే. ఆ రోజు ఆ హాల్లో కూర్చున్నవాళ్లకి ఏం తెలిసి కొన్నారు టికెట్, కథ రెండు లైన్లు చదివి కొన్నారు. నువ్వూ అదే చెయ్. టైమ్‌టేబుల్‌లో జీవీ అని ఉన్న షోలు ముందు చూడు, అంటే సినిమా అయ్యాక దర్శకుడో నటులో వచ్చి ప్రేక్షకులతో మాట్లాడతారన్నమాట. పేరున్నవాళ్లు వస్తే ఆ అరగంట పొగడ్తలకే సరిపోతుంది. మొదటి సినిమా తీసిన కుర్రాడు వస్తే, డబ్బులు ఎలా తెచ్చాడో, ఆ ముసలాయన నిజంగా వాళ్ల తాతేనా, వాన సీనులో నిజంగానే వాన పడిందా, అన్నీ దాచుకోకుండా చెప్పేస్తాడు. చెయ్యెత్తి అడగొచ్చు కూడా.

వెన్నెల కె:
సినిమాల ఎంపిక నేల టికెట్ గారు చెప్పేశారు, నేను మిగతావి చెప్తాను.

టికెట్లు: ఓపెనింగ్, క్లోజింగ్, పెద్ద నటులు వచ్చే షోలు నిజంగానే నిమిషాల్లో అయిపోతాయి, అది అతిశయోక్తి కాదు. మిగతావాటికి అంత కంగారు అక్కర్లేదు. ఇక్కడి ఫోన్ నంబరు, ఇక్కడి కార్డు మీకు ఉన్నాయి కాబట్టి సగం తలనొప్పి తప్పినట్టే, ముందు రోజే అకౌంట్ తెరిచి పెట్టుకోండి. ప్రతి షోకీ ఒక కోడ్ నంబర్ ఉంటుంది, కావాల్సినవాటి నంబర్లు వరుసగా రాసుకుని కూర్చుంటే సినిమా పేరు వెతుక్కునే టైం కలిసొస్తుంది. దొరకలేదని వదిలేయకండి, జనం పది షోలు పట్టేసి తర్వాత రద్దు చేసుకుంటుంటారు, షో ముందురోజు రాత్రి మళ్లీ చూస్తే చాలాసార్లు ఒకటీ అరా సీట్లు కనిపిస్తాయి.

సబ్‌టైటిల్స్: కొరియా బయటి సినిమాలకి మామూలుగా తెర మీద ఇంగ్లిష్ ఉంటుంది, కొరియన్ పక్కన విడిగా వేస్తారు. కొరియన్ సినిమాలకీ చాలావాటికి ఇంగ్లిష్ ఉంటుంది కానీ అన్నింటికీ అనుకోవద్దు, టైమ్‌టేబుల్‌లో ప్రతి షో పక్కనా గుర్తు ఉంటుంది, అది చూడకుండా డబ్బు కట్టకండి. జీవీకి ఇంగ్లిష్ అనువాదం ఉందో లేదో కూడా అక్కడే చూసుకోండి. కొరియన్ సినిమా, కొరియన్‌లోనే ప్రశ్నలు అయితే మీరు అందరూ నవ్వినప్పుడు నవ్వాలి.

హాళ్లు: ముఖ్యమైనది సెంటమ్ సిటీలోని బుసాన్ సినిమా సెంటర్. సీజీవీ, లోట్టే మల్టీప్లెక్సులు పక్కనే, నడిచి వెళ్లొచ్చు. మీరు బుసాన్ స్టేషన్‌లో దిగి మెట్రో ఒకటో లైన్ ఎక్కి సొమ్యన్‌లో రెండో లైన్‌కి మారితే సెంటమ్ సిటీ వస్తుంది. బస హేఉండే బీచ్ వైపు అయితే అదే రెండో లైన్ మీద దగ్గరే, కానీ పండగ రోజుల్లో అక్కడ రేట్లు మండిపోతాయి. నాకు ఒక గెస్ట్‌హౌస్ వాళ్లు బుకింగ్ అయ్యాక ఫోన్ చేసి ఇంకా కట్టమన్నారు, కట్టకపోతే క్యాన్సిల్ అన్నారు. అప్పటినుంచి సొమ్యన్ దగ్గరే దిగుతున్నా. రెండు లైన్లూ కలిసే చోటు, అర్ధరాత్రి దాకా తిండి దొరుకుతుంది.

రోజుకి మూడు సినిమాలు చాలు. నాలుగోది మొదలయ్యేసరికి మొదటిదాంట్లో ఎవరు ఎవరిని పెళ్లి చేసుకున్నారో గుర్తుండదు.

ఇంటర్వెల్ బ్యాంగ్:
నేల టికెట్ అన్నా, మీరు చెప్తుంటే పండక్కి పోయి ఉపవాసం ఉండమన్నట్టుంది 😀 స్టార్లని చూస్తే పాపమా? సుబ్బు బ్రో, ఒక్క రాత్రి మాత్రం ఓపెన్ సినిమాకి కేటాయించు. సినిమా సెంటర్ వెనకాల ఆరుబయట హాలు, ఇంచుమించు 4,000 మంది పడతారు, పైన ఒక కప్పు, పక్క ఆవరణ మీద ఇంకా బ్రహ్మాండమైన కప్పు. 2011లో ఆస్ట్రియా ఆర్కిటెక్టులు కట్టింది, ఆ పెద్ద కప్పు ఒకవైపే ఆధారంతో 85 మీటర్లు ముందుకు చాచుకుని ఉంటుంది, గిన్నిస్‌లో ఎక్కింది. కప్పుల అడుగు భాగమంతా ఎల్ఈడీ దీపాలే, చీకటి పడ్డాక రంగులు అలా పాకుతుంటే జనం సినిమా వదిలేసి తలెత్తి దాన్నే వీడియో తీస్తుంటారు. పక్కలు తెరిచి ఉంటాయి కాబట్టి రాత్రి గాలి కోస్తుంది, జాకెట్ మర్చిపోకు. 2015లో మన 'బాహుబలి' మొదటి భాగం ఆడింది ఈ ఓపెన్ సినిమా విభాగంలోనే. కొత్త దర్శకుడి మౌనం సినిమా అక్కడ వేస్తే చూస్తారా ఎవరైనా?

నేల టికెట్:
పోవద్దనలేదు తమ్ముడూ, దానికోసమే పోవద్దన్నా. ఒక రాత్రి ఓపెన్ సినిమా ఓకే, కానీ మధ్యాహ్నాలు రెడ్ కార్పెట్ కంచె పట్టుకుని వేలాడితే మాత్రం ఒప్పుకోను.

రెండో ఆట:
కాస్త పాత సంగతులు. ఈ ఫెస్టివల్‌కి కొరియాలో అంత పట్టు ఎందుకో తెలియాలంటే 1996 గుర్తు చేసుకోవాలి. మొదటి పండగ సెప్టెంబర్‌లో జరిగింది, సినిమాని విడుదలకి ముందే సెన్సార్ చేయడం చెల్లదని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు ఇచ్చింది ఆ అక్టోబర్‌లో. జపాన్ సినిమాలు కొరియా థియేటర్లలో ఆడటానికి 1998 దాకా వీలే లేదు, ఈ ఫెస్టివల్‌లో మాత్రం వేశారు. అంటే బయట చూడలేనిది చూసే చోటుగానే అలవాటైంది జనానికి. అప్పట్లో అంతా నాంపో-డాంగ్ అనే పాత బజారు వీధుల్లో జరిగేది, సెంటమ్ సిటీ తర్వాతి సంగతి.

అందుకే 2014లో జరిగింది అంత పెద్ద గొడవ అయ్యింది. సెవోల్ ఓడ మునిగి 304 మంది పోయిన ఏడాదే అది. ఆ ప్రమాదం మీద తీసిన ఒక డాక్యుమెంటరీని ఆపేయమని బుసాన్ మేయర్ అడిగితే నిర్వాహకులు వినకుండా వేశారు. ఆ తర్వాత ఆడిట్లు, నిధుల్లో కోత, ఫెస్టివల్ డైరెక్టర్ లీ యోంగ్-క్వాన్‌ని తప్పించడం, దానికి నిరసనగా 2016లో కొరియా సినిమా సంఘాలు ఫెస్టివల్‌ని బహిష్కరించడం. అదే ఏడాది ఓపెనింగ్‌కి ముందురోజు తుఫాను వచ్చి బీచ్‌లో కట్టిన వేదిక మొత్తం పాడైంది, ఇంకేం మిగిలింది చెప్పండి. 2017 మేలో, మొదటి నుంచీ ఆసియా సినిమాలు ఏరి తెచ్చిన కిమ్ జి-సొక్ ఫ్రాన్స్‌లో కాన్ ఫెస్టివల్‌కి వెళ్లినప్పుడు అక్కడే గుండెపోటుతో పోయాడు. ఆయన పేరుతో తర్వాత పెట్టిన బహుమతి మన దర్శకురాళ్లు అపర్ణా సేన్‌కి 2021లో, రీమా దాస్‌కి 2024లో వచ్చింది.

2025 నుంచి, అంటే 30వ ఏట, పెద్ద పోటీ విభాగం పెట్టారు. పేరున్నవాళ్లూ కొత్తవాళ్లూ ఒకే వరుసలో పోటీ, మొదటి ఏడు ఉత్తమ చిత్రం దర్శకుడు జాంగ్ లూకి దక్కింది, ఆయన ఎప్పటినుంచో తీస్తున్న మనిషి. జ్యూరీలో నందితా దాస్ కూడా ఉంది. నాకైతే ఈ మార్పు అంతగా నచ్చలేదు. కాన్, వెనిస్‌లలో పోటీలకి లోటేం లేదు, ఆసియాలో మొదటి సినిమా తీసినవాడికి ప్రత్యేకంగా పీట వేసే చోటు ఇది. పేపర్లు ఇక రాసేది ఉత్తమ నటి ఎవరనేగా. పోటీ పెడితేనే మంచి సినిమాలు ముందు ఇక్కడికి వస్తాయని వాళ్ల వాదన, అదీ కొట్టిపారేయలేం.

సువాన్ సుబ్బు:
అందరికీ థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. సరే, శుక్రవారం రాత్రి ఓపెన్ సినిమా, శని ఆదివారాలు జీవీ ఉన్న కొత్తవాళ్ల సినిమాలు. ఒక్క డౌటు, ఒక సినిమాకీ ఇంకోదానికీ మధ్య ఎంత గ్యాప్ పెట్టుకోవాలి? నాంపో-డాంగ్ కూడా చూడాలనిపిస్తోంది, మధ్యలో వెళ్లిరావచ్చా?

వెన్నెల కె:
జీవీ ఉంటే సినిమా నిడివి మీద ఇంకో నలభై నిమిషాలు వేసుకోండి, ఆపైన తిండికి, నడకకి ఒక గంట. ఆలస్యంగా వెళ్తే లోపలికి రానివ్వరు అనుకునే ప్లాన్ చేసుకోండి. రెండు సినిమాల మధ్యలో నాంపో-డాంగ్ కుదరదు, సెంటమ్ సిటీ నుంచి వెళ్లడానికే ముప్పావు గంట పైన పడుతుంది. ఆదివారం పొద్దున ఫస్ట్ షో వదిలేసి వెళ్లండి, జగల్చి స్టేషన్‌లో దిగితే బిఫ్ స్క్వేర్ (ఫెస్టివల్ పేరు పెట్టిన వీధి) దగ్గరే, దర్శకుల, నటుల చేతి ముద్రలు నేలలో పొదిగి ఉంటాయి. గింజలు కూరిన హొట్టోక్ అనే తీపి అట్లు అమ్మే బండ్ల ముందు క్యూ ఉంటుంది, నిలబడండి, వేడిగా ఉన్నప్పుడు లోపలి బెల్లం పాకం నాలుక కాలుస్తుంది, ఊదుకుని తినండి.

ఇంటర్వెల్ బ్యాంగ్:
బ్రో, టికెట్లు ఓపెన్ అయ్యే రోజు ఇక్కడే ఒక పోస్ట్ పెట్టు, నేనూ శనివారం దిగుతున్నా. జీవీలో తెలుగులో ప్రశ్న అడిగితే అనువాదం చేస్తారేమో చూద్దాం.